గంట మోగితే పని ఆపేది ఎవరు?



ప్రతి సంవత్సరం ఏప్రిల్ 28వ తేదీని పని స్థలాల్లో రక్షణ, ఆరోగ్య దినంగా ప్రపంచమంతటా పాటిస్తున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003 నుండి దీనిని జరుపుతోంది. 2025లో ఆ సంస్థ ఈ దినానికి ఎంచుకున్న అంశం కృత్రిమ మేధ, కంప్యూటరు సాధనాలు. పనిచేసేవారి ప్రాణాలు కాపాడటంలో వాటి పాత్ర ఏమిటన్నది ఆ సంవత్సరం చర్చ. కృత్రిమ మేధను మన పిల్లలు ఏ.ఐ. అంటున్నారు. సెల్‌ఫోన్లో పాటలు వెతకడానికి, పరీక్షలకు చదువుకోవడానికి వాడుతున్నారు. అదే తెలివిని బొగ్గు బాయిలో, ఓపెన్‌కాస్టులో, ఫ్యాక్టరీలో కాపలా పెట్టవచ్చునని నిపుణులు చెబుతున్నారు.

మన రామకృష్ణాపూర్‌లో బొగ్గుతో సంబంధం లేని ఇల్లు తక్కువ. ఒక ఇంట్లో తాత దిగిన బాయిలోకి మనుమడు దిగాడు. మరొక ఇంట్లో కొడుకు కాంట్రాక్టు కింద డంపర్ నడుపుతున్నాడు. రాత్రి షిఫ్టుకు పోయిన మనిషి తెల్లవారి టిఫిన్ డబ్బా పట్టుకొని గుమ్మం ముందుకు వచ్చేదాకా ఇంట్లో ఆడవారికి మనసు కుదుట పడదు. అందుచేత, కొత్త యంత్రం వచ్చి మన మనిషిని కాపాడుతుందని ఎవరైనా చెబితే మనం చెవి ఒగ్గి వినాలి. కొన్ని ప్రశ్నలు కూడా అడగాలి. ముప్పై ఏళ్లకు పైగా నర్సు పని చేస్తూ యంత్రాల మధ్యనే బ్రతికినవారిగా ఆ ప్రశ్నలను మీ ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. మేము ఇంజనీర్లం కాము. అయితే యంత్రం చెప్పిన మాట విని ప్రాణం నిలబడటం చూశాం. దాని మాట నమ్మి మోసపోబోవడమూ చూశాం.

తొంభై ఎనిమిది చూపించిన యంత్రం

కొన్నేళ్ల క్రితం ఒక చలికాలపు తెల్లవారుజామున భార్యాభర్తలను ఇద్దరినీ ఆటోలో మన ఆసుపత్రికి తెచ్చారు. తలనొప్పి, వాంతులు, మగత. భర్త పలకరిస్తే పలుకుతున్నాడు గాని మాట ముద్దగా ఉంది. డ్యూటీలో ఉన్న చిన్న సిస్టరు వేలికి ఆక్సీమీటరు పెట్టింది. అది 98 చూపించింది. అమ్మాయి ఊపిరి పీల్చుకొని, "ఆక్సిజన్ బాగుందండీ, తిన్నది పడలేదేమో" అంది.

మేము వెంట వచ్చిన ముసలమ్మను అడిగాం, "రాత్రి ఎక్కడ పండుకున్నారమ్మా?"

"చలి పెడుతుందని ఇంట్ల కుంపటి పెట్టుకొని తలుపులేసుకున్నరు సిస్టరమ్మా" అంది ఆమె.

అంతే, సంగతి తెలిసిపోయింది. అది బొగ్గు కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషం. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటరుకు ఈ రెండింటి తేడా తెలియదు. విషం పట్టుకున్న రక్తాన్ని కూడా మంచి రక్తంగానే లెక్కవేసి 98 అని చూపిస్తుంది. డాక్టరుగారిని పిలిచి, మాస్కుతో ఆక్సిజన్ పెట్టాం. దేవుని దయవల్ల ఇద్దరూ కోలుకొని ఇంటికి వెళ్లారు.

ఆ యంత్రం చెడిపోలేదు. తనకు నేర్పిన పని తాను సరిగానే చేసింది. దానికి నేర్పని ప్రమాదం ఎదురైంది, అంతే. కుంపటి గురించి అడగడం యంత్రానికి తెలియదు. మనిషి అడగాలి. (మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రపోవద్దని ఈ సందర్భంగా అందరికీ మరొకసారి మనవి.)

అదే ఆక్సీమీటరు 2021లో కరోనా రెండవ విడతలో ఎంతమందిని కాపాడిందో మీకు తెలుసు. ఆయాసం తెలియకముందే ఆక్సిజన్ పడిపోతున్నదని చెప్పి, ఎందరినో సమయానికి ఆసుపత్రికి చేర్చింది. దానిని మేము తక్కువ చేయడం లేదు. అయితే 2020లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన మరొక సంగతి చెప్పింది. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గిన సంగతిని ఈ యంత్రం తెల్లవారి కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపెట్టలేకపోయిందట. ఎవరి చర్మం మీద ఎక్కువగా సరిచూశారో వారికే అది బాగా పనిచేసింది. ఏ.ఐ. విషయంలోనూ అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఏ.ఐ. ఎలా నేర్చుకుంటుంది?

పెద్ద మాటలు లేకుండా చెప్పుకుందాం. నర్సింగ్ స్కూలులో చేరిన అమ్మాయి మొదటి సంవత్సరం కామెర్లు ఉన్న కన్ను ఏదో, లేని కన్ను ఏదో పోల్చుకోలేదు. వందమందిని చూశాక గుమ్మంలోనే గుర్తుపడుతుంది. ఏ.ఐ. కూడా అంతే. వేల, లక్షల ఉదాహరణలు చూపిస్తే వాటిలోని పోలికను పట్టుకుంటుంది. ఆ తర్వాత కొత్తది చూపించినప్పుడు "ఇది దానిలా ఉంది" అంటుంది. అది అలసిపోదు, తెల్లవారుజామున మూడింటికి కునుకు తీయదు. అదే దాని గొప్పతనం.

గనుల పనిలో దీనిని ఎక్కడెక్కడ వాడవచ్చునో చూద్దాం. ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపేవారి ముందు కెమెరా పెడితే కనురెప్పలు ఎంతసేపు మూతపడుతున్నాయో గమనించి, నిద్ర వస్తున్నదని అలారం కొడుతుంది. పెద్ద డంపర్ డ్రైవరుకు దగ్గరలో ఉన్న మనిషి, జీపు కనబడవు. అలాంటి చోట మనిషి అడ్డం వస్తే హెచ్చరించే సాధనాలు ఉన్నాయి. మట్టి గుట్టలు, గని అంచులు మిల్లీమీటర్ల లెక్కన జరుగుతున్నా రాడార్ కనిపెడుతుంది. జార్ఖండ్‌లోని రాజమహల్ ఓపెన్‌కాస్టులో 2016 డిసెంబరు 29న గుట్ట కూలి 23 మంది చనిపోయారు. అటువంటి ప్రమాదాలకు ముందు వచ్చే కదలికను పసిగట్టడానికే ఈ రాడార్లు. భూగర్భ గనిలో మీథేన్ వాయువు గాలిలో నూటికి 5 నుండి 15 పాళ్లు చేరితే నిప్పురవ్వ తగిలినంతనే పేలుతుంది. అది ఎప్పుడు, ఎక్కడ, ఏ వేగంతో పెరుగుతున్నదో సెన్సర్లు క్షణక్షణం చెబుతుంటే, ఆ అంకెలను చూసి రాబోయే ప్రమాదాన్ని కంప్యూటరు ముందే ఊహించగలదు.

మా వైద్యరంగంలోనూ వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలు చూసి క్షయ అనుమానం ఉన్నవారిని వేరుచేసే కంప్యూటరు సాధనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆమోదించింది. 15 సంవత్సరాలు నిండినవారి స్క్రీనింగులో, ఎక్స్‌రే చదివే మనిషికి బదులుగా, వాటిని వాడవచ్చునని చెప్పింది. దుమ్ములో పనిచేసేవారికి ఇది మంచి వార్తే. సిలికా దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు క్షయ తొందరగా పట్టుకుంటుంది. కాని పాత క్షయ మచ్చలు, బొగ్గు దుమ్ము మచ్చలు ఉన్న ఛాతీని చూసి యంత్రం తడబడవచ్చు. అందువల్ల అది అనుమానం చెప్పాలి, కఫం పరీక్ష చేసి డాక్టరు నిర్ణయం చెప్పాలి.

ఇంతవరకు మాకు ఏ అభ్యంతరమూ లేదు. రావలసినవే. ఆలస్యం చేయకుండా రావాలి. మన ప్రాంతం పడిన దుఃఖం తక్కువా? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు ముంచెత్తి 17 మంది పోయారు. అదే సంవత్సరం అక్టోబరులో జీ.డీ.కే. 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. 2021 నవంబరు 10న మన పక్కనే శ్రీరాంపూర్ ఎస్.ఆర్.పి. 3 గనిలో పైకప్పు కూలి నలుగురు పోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు పోయారు. ఆ ముగ్గురిలో ఒకరు రక్షణ అధికారి. పైకప్పుకు అధికారి, కార్మికుడు అనే తేడా లేదు. ఒక్క నిమిషం ముందు హెచ్చరిక అందే వీలున్నా, ఆ ఒక్క నిమిషం కోసం ఎంత ఖర్చయినా పెట్టవలసిందే.

దీపం వచ్చాక ఏమైంది?

రక్షణ సాధనం గనిలోకి రావడం ఇది మొదటిసారి కాదు. 1812 మే 25న ఇంగ్లాండులోని ఫెల్లింగ్ అనే ఊరి బొగ్గు గనిలో వాయువు పేలి 92 మంది చనిపోయారు. వారిలో చిన్న పిల్లలు కూడా ఉన్నారు. అక్కడి సంఘ కాపరి రెవరెండ్ జాన్ హాడ్జ్‌సన్ తన సంఘపు బిడ్డలను ఒకరి తర్వాత ఒకరిని సమాధి చేయవలసి వచ్చింది. గనుల ప్రమాదాల గురించి బయట మాట్లాడటం యజమానులకు ఇష్టం లేని రోజులవి. అయినా ఆయన ఆ ప్రమాద వివరాలను, చనిపోయినవారి పేర్లతో సహా పుస్తకంగా అచ్చువేయించాడు. ఆ కదలిక ఫలితంగానే శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1815లో ఆ ప్రాంతానికి వచ్చి, హాడ్జ్‌సన్‌ను కలిసి, గనివాయువు మీద ప్రయోగాలు చేసి, మంట బయటి వాయువుకు అంటుకోకుండా చుట్టూ సన్నని తీగవల ఉన్న రక్షణ దీపాన్ని తయారుచేశాడు. తన దీపానికి పేటెంటు కూడా తీసుకోలేదు.

గొప్ప పని. కాని తర్వాత జరిగింది గమనించండి. దీపం ఉంది కదా అని, అంతకు ముందు వాయువు ఎక్కువని వదిలేసిన పొరల్లోకి కూడా మనుషులను దింపారు. పేలుళ్లు ఆగలేదు. సాధనం రక్షణ కోసం వచ్చింది, దానిని ఎక్కువ బొగ్గు కోసం వాడుకున్నారు. ఏ.ఐ. విషయంలో మా మొదటి భయం ఇదే. "సెన్సరు చూసుకుంటుందిలే" అని పైకప్పును కడ్డీతో కొట్టి డొల్ల శబ్దం వస్తుందేమో వినే అలవాటు పోతుందా? "కెమెరా ఉందిగా" అని డ్రైవరుతో వరుసగా డబుల్ డ్యూటీలు చేయిస్తారా? యంత్రం వచ్చినందుకు మనిషి మీద జాగ్రత్త తగ్గితే, ఆ యంత్రం రాకపోవడమే మేలు.

గంట మోగకపోవడం, మోగినా వినకపోవడం

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుండి స్టైరీన్ ఆవిరి లీకై, నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. 12 మంది ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ అదే సంవత్సరం జులైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగున ఒక్కచోటే ఉంది. పైభాగంలో వేడి పెరుగుతుంటే కొలిచేది లేదు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే బటన్లు 36 చోట్ల ఉన్నాయి. ఒక్కటీ మోగలేదు.

ఈ రెండు సంగతులు మా మనసులో నాటుకుపోయాయి. కొలిచే యంత్రం ఉన్నా, వేడి ఉన్నచోట లేదు. అరిచే సైరన్ ఉన్నా, నొక్కే చెయ్యి లేదు. ఏ.ఐ. ఈ రెండు లోపాల్లో దేనిని సరిచేస్తుంది? సెన్సరు ఎక్కడ పెట్టాలో తక్కువ ఖర్చు చూసి నిర్ణయిస్తే, దాని వెనక ఎంత తెలివైన కంప్యూటరు ఉన్నా గుడ్డిదే. బటను నొక్కితే ఉత్పత్తి ఆగిందని తిట్లు పడతాయని మనిషి భయపడితే, ఎంత ముందుగా హెచ్చరిక వచ్చినా వృధాయే.

మోగకపోవడం ఒక ప్రమాదమైతే, మరీ ఎక్కువగా మోగడం ఇంకొకటి. మా ఐ.సి.యు.లో ఒక్కో మంచానికి మానిటరు ఉంటుంది. రోగి చెయ్యి కదిపినా, వైరు ఊడినా, తుమ్మినా కుయ్ కుయ్ అంటుంది. కొత్తగా వచ్చిన సిస్టరు ప్రతి కూతకు పరుగెత్తుతుంది. నెల తిరిగేసరికి ఆ కూత చెవికి సోకడం మానేస్తుంది. ఒక్కొక్కసారి విసుగుతో నొక్కి నోరు మూయించేస్తారు కూడా. నిజమైన ప్రమాదం వచ్చినప్పుడూ అదే కూత. అందుకే మేము వార్డులో ఒక నియమం పెట్టుకున్నాం. అలారం ఆపేవారు ముందు రోగి మొహం చూడాలి, తర్వాతే బటను నొక్కాలి. ఎందుకు మోగిందో రాయాలి. గనిలో పెట్టే యంత్రానికి కూడా ఇటువంటి నియమం ఉండాలి. ఉత్తుత్తి అలారాలు ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టి తగ్గించాలి. లేకపోతే నెల తిరిగేలోగా కెమెరా మీద బొట్టుబిళ్ల అంటించేస్తారు. తప్పు డ్రైవరుది కాదు.

మెట్ల మీద బొగ్గు ఉండదు

ఇప్పుడు మా మనసును అన్నింటికంటే ఎక్కువ బాధపెట్టే సంగతి చెబుతాము. ఏ.ఐ. పాత రికార్డులు చూసి నేర్చుకుంటుందని చెప్పాం. మరి మన రికార్డుల్లో నిజం ఉందా?

ఒక సాయంత్రం ఇరవై రెండేళ్ల కుర్రవాడు చెయ్యి విరిగి వచ్చాడు. "ఎలా తగిలింది బాబూ?" అంటే "మెట్ల మీద కాలు జారింది" అన్నాడు. వెంట వచ్చిన భార్య తలదించుకుంది. గాయం కడుగుతుంటే నల్లటి పొడి చర్మం లోపలిదాకా కనబడింది. మన తాతల ఒంటి మీద నీలం మచ్చలు చూసినవారికి ఆ పొడి ఏమిటో చెప్పనక్కర లేదు. మెట్ల మీద బొగ్గు ఉండదు. మేము మళ్లీ అడిగితే, "నిజం రాస్తే కేసయితది సిస్టరమ్మా, రేపటి నుంచి పనికి రావద్దంటరు" అన్నాడు. కాంట్రాక్టు పని. ఎవరి కింద చేస్తున్నాడో ఇక్కడ చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ రోజు మేము రిజిస్టరులో "మెట్ల మీద పడెను" అని రాశాం. అతని కూడు పోకూడదని అలా చేశాం. అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాం.

అలాంటి రికార్డులన్నీ కలిపి కంప్యూటరుకు ఇస్తే అది ఏమి నేర్చుకుంటుంది? ఆ పనిచోట ప్రమాదం లేదని, రామకృష్ణాపూర్‌లో మెట్లు చాలా ప్రమాదకరమని నేర్చుకుంటుంది. నవ్వు వచ్చినా నిజం అదే. పైనుంచి రాయి పడి పక్కన పడితే "బ్రతికిపోయాం" అని దులుపుకొని వచ్చేస్తాం. అది ఎక్కడా రాయం. పెద్ద ప్రమాదానికి ముందు అటువంటి చిన్నవి ఎన్నో జరుగుతాయి. ఏ.ఐ.కి కావలసిన అసలు పాఠాలు అవే.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలినప్పుడు 50 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కూలీలు. చనిపోయినవారెవరో, జాడ తెలియనివారెందరో తేల్చడానికే రోజులు పట్టింది. కొన్ని కుటుంబాలకు చివరిచూపు కూడా దక్కలేదు. ఏ షిఫ్టులో ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో, పర్మనెంటు కార్మికునితో సమానంగా కాంట్రాక్టు కూలీ పేరు కూడా లెక్కలో ఉండాలి. అదిలేని చోట ఏ.ఐ. అన్న మాట ఎత్తడమే తప్పు.

ఆ లెక్క ఎవరి చేతిలో?

రాత్రి షిఫ్టులో ఎన్నిసార్లు కన్ను మూతపడిందో కెమెరాకు తెలుస్తుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చేతికి కట్టిన పట్టీకి తెలుస్తుంది. ఊపిరితిత్తుల మీద మచ్చ ఉందో లేదో ఎక్స్‌రే చదివే కంప్యూటరుకు తెలుస్తుంది. ఆ తెలిసినది ఎవరి దగ్గరికి పోతుంది?

ఇది చిన్న ప్రశ్న కాదు. మన దగ్గర మెడికల్ బోర్డు ఇచ్చే "ఫిట్", "అన్‌ఫిట్" అనే మాట మీద ఇంటి బ్రతుకు ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం ఉంటుందా, పోతుందా, కొడుక్కి కారుణ్య నియామకం వస్తుందా అన్నది దానితోనే తేలుతుంది. పీరియాడికల్ మెడికల్ పరీక్ష వస్తుందంటే బి.పి., షుగరు మాత్రలు వాడుతున్న సంగతి దాచిపెట్టేవారిని మేము చూశాం. నిజం చెబితే నష్టం వస్తుందని భయం ఉన్నచోట మనిషి డాక్టరు దగ్గరే దాస్తాడు, ఇక కెమెరా దగ్గర దాచడా? 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మన వివరాలు మన సొమ్మేనన్న ఆలోచనకు చట్టంలో చోటు ఇచ్చింది. గనిలో, ఫ్యాక్టరీలో అది అమలులో కనబడాలి. నిద్రమత్తు కనిపెట్టిన కెమెరా ఆ మనిషిని దించి విశ్రాంతి ఇవ్వడానికి ఉపయోగపడాలి. మెమో ఇవ్వడానికి ఉపయోగపడితే, రేపటినుండి నల్లకళ్లద్దాలు పెట్టుకొని నడుపుతాడు.

ఇంకో మాట. నిద్ర కెమెరా ఇవ్వదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషికి పగలు ఇంట్లో నిద్ర పట్టాలి. మే నెలలో మన రేకుల ఇళ్లలో అది ఎంత కష్టమో మాకు తెలుసు. టి.వి. శబ్దం తగ్గించడం, ఆ సమయంలో శుభకార్యాలకు, సంతకు పంపకుండా ఉండటం మనం చేయగలం. కాని షిఫ్టులు ఎలా మార్చాలి, వరుసగా ఎన్ని రాత్రులు వేయాలి అన్నది పై అధికారుల చేతిలో ఉంది. అంతా ఇంటివారి మీద వేయడం న్యాయం కాదు.

ద్వితీయోపదేశకాండములో కొత్త ఇల్లు కట్టేవానికి ఒక ఆజ్ఞ ఉన్నదని మన సంఘస్థులకు తెలుసు. మేడ చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే పడిపోయినవాని ప్రాణదోషం ఆ ఇంటిమీద ఉంటుంది. అక్కడ పిట్టగోడ బాధ్యత మేడ ఎక్కినవాని మీద పెట్టలేదు, ఇల్లు కట్టినవాని మీద పెట్టారు. ఏ.ఐ. వచ్చినా ఈ లెక్క మారకూడదు. "కంప్యూటరు చెప్పలేదు" అన్న మాట రేపు ఎవరికీ సాకు కారాదు.

మా అభిప్రాయం

కాబట్టి మా మాట ఇది. యంత్రం రావాలి. అయితే ఈ కింది ప్రశ్నలకు సమాధానం చెప్పి రావాలి. గనుల్లో భద్రతా కమిటీలు, కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు చాలాకాలంగా ఉన్నారు. ఏటా రక్షణ పక్షోత్సవాలు కూడా జరుగుతాయి, కుటుంబాలను పిలుస్తారు. అక్కడ చప్పట్లు కొట్టి రావడమే కాకుండా ఇవి అడగండి.

1. అలారం మోగితే పని ఆపే అధికారం అక్కడే ఉన్న కార్మికునికి, సర్దారుకు ఉందా? పై నుండి ఫోను వచ్చేదాకా ఆగాలా? ఆపినందుకు మస్టరు పోదని కాగితం మీద రాసి ఇస్తారా?

2. కాంట్రాక్టు కార్మికులకు కూడా అవే సెన్సర్లు, అదే శిక్షణ ఉంటాయా?

3. యంత్రం వచ్చాక పాత తనిఖీలు, పైకప్పు కొట్టి చూడటం, దిమ్మెల బందోబస్తు, అన్నీ అలాగే కొనసాగుతాయా?

4. మా మనిషి ఆరోగ్య వివరాలు ఎవరు చూస్తారు? ఎంతకాలం దాస్తారు? శిక్ష వేయడానికి వాడరని హామీ ఉందా?

5. చిన్న దెబ్బలు, తృటిలో తప్పిన ప్రమాదాలు చెప్పినవారిని మెచ్చుకుంటారా, మందలిస్తారా?

6. యంత్రం ఇచ్చే హెచ్చరిక తెలుగులో, పనిచేసేవారికి అర్థమయ్యే మాటల్లో ఉంటుందా? ఇతర రాష్ట్రాల కూలీలకు వారి భాషలో ఉంటుందా?

ఈ ఆరింటిలో మొదటిదే ముఖ్యం. గంట మోగించడం యంత్రం నేర్చుకోగలదు. ఆ గంట విని, "ఆపండి, అందరూ బయటికి రండి" అనవలసింది మనిషి. అలా అన్నవాడు సాయంత్రం ఇంటికి భయపడుతూ రాకూడదు. ఒకవేళ యంత్రం పొరపాటున మోగి, ఆ రోజు కొన్ని టన్నుల బొగ్గు తగ్గితే తగ్గనివ్వండి. ఆ బొగ్గు రేపు కూడా అక్కడే ఉంటుంది.

మా వంతు మేమూ చేస్తాము. ఇకమీదట మన ఆసుపత్రికి దెబ్బతో వచ్చే ప్రతి ఒక్కరినీ "ఏ పని చేస్తుండగా తగిలింది, ఎక్కడ, ఏ షిఫ్టులో" అని మా సిస్టర్లు అడుగుతారు. మీరు చెప్పినది ఉన్నదున్నట్టు రాస్తారు. దగ్గు, ఆయాసంతో వచ్చినవారిని ఎన్నేళ్లు దుమ్ములో పనిచేశారో అడుగుతారు. దయచేసి నిజం చెప్పండి. మీ భయం మాకు తెలుసు. కాని మీరు దాచిన ప్రతి దెబ్బ, అదే చోట రేపు పనిచేయబోయే ఇంకొకరి బిడ్డకు అందవలసిన హెచ్చరిక.

చెయ్యి విరిగి వచ్చిన ఆ కుర్రవాడు కట్టు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు, మళ్లీ అదే పనికి పోతున్నానని చెప్పాడు. "అక్కడ ఏమైనా మార్చారా బాబూ?" అని అడిగాం. "ఏం మార్చలే సిస్టరమ్మా, ఎవ్వరికి తెల్వదు గద" అన్నాడు.

ఎవరికీ తెలియకపోవడానికి మా రిజిస్టరు కూడా ఒక కారణం. ఇక అలా జరగనివ్వము.

మీ ఇంటివారందరూ క్షేమంగా షిఫ్టు దిగి ఇంటికి రావాలని ప్రార్థిస్తూ,

నర్సింగ్ సూపరింటెండెంట్